సందర్భోచితం

తమిళనాడు సరిహద్దు ఊరు జవళగిరి పిల్లోడు ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, ఆఫీసులో తమిళం మాట్లాడతాడు. అయినా వాడికి ‘భాష రాదు’. ఇంగ్లిష్ రాదు మరి!

అందుకే ఇంగ్లిష్‌ను సందర్భాలతో సహా నేర్పుతున్నారు. విమానాశ్రయంలో ఏమడగాలి, పెద్ద హోటల్లో సూపెలా తెప్పించుకోవాలి. బన్నేరుఘట్ట అడవి వైపు నుంచి ఏనుగులు వచ్చి రాగి చేలో దిగితే ఏమనాలో మాత్రం పుస్తకంలో లేదు. ‘మే ఐ కమిన్’ పాఠం అవీ చదవలేదు. ‘ఎక్స్‌క్యూజ్ మీ’ అంటే కదిలే రకమూ కాదు.

మరి తెలుగో? తమిళనాడు బళ్ల విధానంలో 1968 నుంచీ రెండే భాషలు: తమిళం, ఇంగ్లిష్. 2006 చట్టంతో బళ్లో తమిళం తప్పనిసరైంది. అమ్మ భాష ఎలాగూ ఇంట్లో ఊరికే వస్తుంది, దానికి ఫీజెందుకు?

తెలుగులో పేరు రాయమంటే పిల్లోడు ‘సారీ’ అన్నాడు.

సరైన సందర్భంలోనే వాడాడు. పది మార్కులు!