ఆయిల్ స్టిక్కు, ఎర్రగడ్డ, చెంబు సొట్ట

ఆయిల్ స్టిక్కు అంటే కడ్డీ రూపంలో ఉన్న తైలవర్ణం. అవిసె నూనెలో రంగుపొడి నూరి, మైనం చేర్చి గట్టిపరుస్తారు. బ్రష్షుతో పనిలేదు, చేత్తో పట్టుకుని గీసేయవచ్చు. ఫ్రెంచి చిత్రకారుడు రఫాయెల్లీ 1900ల తొలి ఏళ్లలోనే ఇలాంటి కడ్డీలు చేయించాడు. 1980లలో న్యూయార్కు చిత్రకారుడు బాస్కియా వీటిని కసిగా వాడి, వీటికి పేరు తెచ్చాడు. కదలని వస్తువులను ఎదురుగా పెట్టుకుని వేసే బొమ్మ స్టిల్ లైఫ్. ఈ రెండూ కర్నూలులో ఒక మిద్దెమీద కలిస్తే, మూడో సరుకు పిలవకుండానే వస్తుంది. దాని పేరు వ్యక్తిగత అర్థం.

ఆ మిద్దెమీద ఉండేవారు నలుగురు. డ్రాయింగు మాస్టారు బొమ్మ వేస్తాడు. భావుకుడు నోటుపుస్తకంతో వస్తాడు. దలారి మార్కెట్ యార్డు నుంచి దారిలో ఆగుతాడు. నాలుగో మనిషి మాస్టారి తల్లి. వచ్చినవాళ్లందరికీ ఆమె అవ్వ. ఎదుట అమరిక: కడప నల్లబండ ముక్క, దానిమీద మూడు ఉల్లిగడ్డలు, పక్కన సొట్టపడ్డ ఇత్తడి చెంబు.

భావుకుడు: మాస్టారూ, ఈ మూడూ బాల్యం, యవ్వనం, వార్ధక్యం. అవునా?

మాస్టారు: నాలుగు పెట్టినాను. ఒకటి కుళ్లింది.

భావుకుడు: ఆహా! లేనిదాన్ని కూడా చిత్రించారన్నమాట. (రాసుకుంటాడు.)

దలారి: గడ్డ సన్నం సార్. ఈ సైజుకు యార్డులో పాట కూడా లేవదు. ధర పడిన రోజు రైతే గేటు కాడ పారబోసి పోతాడు.

ఉల్లికి, స్టిక్కుకు నిజమైన పోలిక ఒకటుంది. ఒక్క రాత్రి వదిలేస్తే స్టిక్కు కొనకు పొర కడుతుంది. మర్నాడు దాన్ని గుడ్డతోనో చాకుతోనో ఒలిస్తే గానీ లోపలి మెత్తని రంగు బయటపడదు. బళ్లో పిల్లలు వాడే ఆయిల్ పాస్టెల్‌కు ఈ బాధ లేదు. అందులోది ఆరని ఖనిజ తైలం. 1949లో పికాసో కోసం సెనెలియే కంపెనీ తయారుచేసింది ఆ జాతి పాస్టెల్‌నే.

భావుకుడు: ఒలవడమంటే ఆత్మశోధనే కదా?

మాస్టారు: ఒలవకపోతే గీత పడదు.

దలారి: అవిసె నూనె ఎందుకు సార్, దండగ! బుడ్డల నూనె పోస్తే సరిపోదా? ఆదోని నుంచి డబ్బా తెప్పిస్తా.

సరిపోదు. అవిసె నూనె నీళ్లలా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని గట్టిపడుతుంది. బుడ్డల నూనెకు, అంటే వేరుసెనగ నూనెకు, ఆ గుణం లేదు. దానితో వేసిన ఉల్లిగడ్డ ఎన్నేళ్లయినా చేతికి అంటుతూనే ఉంటుంది. పూత లేని కాగితం మీద గీసినా చేటే: నూనె ఇంకి, కొన్నాళ్లకు కాగితం పెళుసెక్కుతుంది. అందుకే ముందు సుద్ద, జిగురు కలిపిన పూత వేసుకోవాలి. ఇక ఎండాకాలంలో కర్నూలు వేడి 40 డిగ్రీలు దాటుతుంది. స్టిక్కు మెత్తబడి, గీత గీత కాకుండా పోతుంది. మాస్టారి స్టిక్కులు నీళ్లకుండ పక్కన పడుకునేది అందుకే.

భావుకుడు: ఈ రంగుల్లో సీమ ఆత్మ ఎక్కడుంది?

ఆత్మ సంగతి ఎలా ఉన్నా, సీమ రాయి ఉండే అవకాశం ఉంది. రంగుల్లో నింపుడు సరుకుగా వాడే ముగ్గురాయికి పేరుపడ్డ గని పాత కడప జిల్లాలోని మంగంపేటే. అక్కడ తవ్వినదాంట్లో ఎక్కువ భాగం చమురు బావులకు పోతుంది; కళకు దక్కేది చిటికెడు. భావుకుడు ఇది రాసుకోలేదు. అతని చూపు చెంబుమీద పడింది.

భావుకుడు: ఈ సొట్టలో నాకు ధాత కరువు కనబడుతోంది. 1876, 77, 78... ఖాళీ కడుపు ఆకారం!

అవ్వ: ఎనుము తన్నింది నాయనా. పాలు పితికేటప్పుడు.

భావుకుడు: ఎనుమా? దున్నపోతు యముడి వాహనం. అంటే మృత్యువు!

అవ్వ: గొడ్డు మంచిదే. దాన్ని అమ్మినాకనే వీడు లోయరు, హయ్యరు డ్రాయింగు పరీచ్చలకు దుడ్లు కట్టింది.

మాస్టారు మాట్లాడలేదు. బొమ్మలో మిగతా చెంబంతా రెండు పూటల్లో ముగిసింది. సొట్ట దగ్గర మాత్రం రంగు వేలెడు మందాన పేరుకుని ఉంది, మూడు రోజుల పని. భావుకుడు అప్పటికి యముడి గురించి రెండో పేజీలో ఉన్నాడు. ‘రైతు వేదన’ అని పేరు పెడితే హైదరాబాదులో మంచి రేటు పలుకుతుందని దలారి సలహా.

అవ్వ: పొద్దెక్కింది. కూరకు ఎర్రగడ్డల్లేవు. ఇవి మొలకలు కూడా ఏసినాయి, ఇంగ తీసుకోవచ్చునా?

తీసుకుంది. పలుచగా గీసిన ఆయిల్ స్టిక్కు వారం అటూ ఇటుగా ఆరుతుంది. మందంగా పేరిస్తే పైన పొర కట్టి, లోపల నెలల తరబడి పచ్చిగానే ఉంటుంది. చూడవచ్చేవారు చెంబు సొట్టమీద దయచేసి వేలు పెట్టవద్దు.