బేస్‌మెంట్‌లోకి దిగు నాయనా

ఇల్లు కొన్నావు, పాలు పొంగించావు, వచ్చినవాళ్లందరికీ పులిహోర పెట్టావు, సంతోషం. ఇంతకీ నీళ్లు కట్టేసే మెయిన్ వాల్వు ఎక్కడుందిరా అని అడిగితే మాత్రం ఫోను తీసి వెతుకుతావు. ఫోనులో ఎందుకుంటుంది నాయనా? బేస్‌మెంట్‌లో, వీధి వైపు గోడ దగ్గర, మీటరు పక్కన ఉంటుంది. మా రోజుల్లో ఇల్లు చూడ్డానికి వెళ్తే ముందు చూసింది అదే. మీరు ముందు చూసేది వంటింటి గట్టు మీది రాయి ఏ రంగులో ఉందో.

నేనుండేది న్యూజెర్సీ ఎడిసన్‌లో, 1962లో కట్టిన స్ప్లిట్ లెవెల్ ఇల్లు. ఈ దేశంలో జనం సొంతంగా కాపురముంటున్న ఇళ్లలో దాదాపు సగం 1980కి ముందు కట్టినవే. కాబట్టి ఇది ముసలాయన ఇంటి గొడవ, మనకెందుకులే అనుకోకు.

1965 వలస చట్టం వచ్చాక ఇక్కడికి చేరిన మనవాళ్లలో ఎక్కువమందిమి డాక్టర్లం, ఇంజినీర్లం. చేతిలో డిగ్రీలున్నా, ప్లంబరుని పిలిచేంత డబ్బు మొదట్లో ఉండేది కాదు. అందుకని శనివారం వచ్చిందంటే ఎవరో ఒకరి ఇంట్లో పని. వాటర్ హీటరు మార్చడమో, గ్యారేజీ తలుపు స్ప్రింగో. ఎలక్ట్రికల్ చదివినవాడు ప్యానెల్ దగ్గర, మెకానికల్ వాడు పైపుల దగ్గర, డాక్టరు నిచ్చెన పట్టుకుని. రాగి పైపుకి టంకం పెట్టడంలో మా ఆవిడ చెయ్యి అందరికంటే నెమ్మది. ఆవిడ పెట్టిన అతుకు ఇవాళ్టిదాకా చుక్క కారలేదు. 1979లో పబ్లిక్ టెలివిజన్‌లో ‘దిస్ ఓల్డ్ హౌస్’ మొదలైతే, బోస్టన్ డార్చెస్టర్‌లో పాడుబడ్డ ఇంటిని బాబ్ విలా వాళ్లు వారం వారం కొంచెం కొంచెంగా బాగుచేస్తుంటే, కాగితం పెన్సిలు పట్టుకుని చూసేవాళ్లం. ఇప్పుడు మీరు చూసే వీడియోల్లో పది నిమిషాల్లో బాత్రూము మొత్తం తయారవుతుంది. తడి ఆరే టైమన్నా ఇవ్వరు.

అసలు ఇంటిని కనిపెట్టుకుని ఉండే ఆ అలవాటు తెనాలిలో మొదలైంది. మాది మంగుళూరు పెంకుటిల్లు. మృగశిర కార్తె రాకముందే మా నాన్న మనిషిని పిలిపించి, పగిలినవి తీయించి, జారినవి సర్దించేవారు. చినుకు పడ్డాక ఇంట్లో గిన్నెలు పెట్టుకుని తిరగడం ఆయన లెక్కలో అప్రతిష్ఠ. వాన పడ్డాక కాదు, వాన రాకముందు చూసుకోవాలి. మీకు వాన అంటే ఫోనులో వచ్చే కబురు.

ఇప్పుడు మా అబ్బాయి సంగతి విను. పిస్కాటవేలో కొన్నాడు, 1955 నాటి ఇల్లు, జీఐ పైపులు. వంటింటి కుళాయి కారింది. నాకు చెప్తే నేను ఏదో అంటానని చెప్పకుండా, ఫోనులో ఎవరినో బుక్ చేశాడు. వచ్చినతను సింకు కింద వాల్వు తిప్పాడు, అది కాడ దగ్గర తెగి నీళ్లు చిమ్మాయి. కిందకి పరుగెత్తి మెయిన్ వాల్వు తిప్పాడు. పాత గేట్ వాల్వు, ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోనిది. పైన చక్రం తిరుగుతూనే ఉంది, లోపల పలక మాత్రం కిందకి దిగలేదు. ఇక నీళ్ల కంపెనీ మనిషి వచ్చి, బయట నేలలో ఉన్న మూత తీసి, పొడుగాటి కమ్మీతో కట్టేదాకా ఆగాల్సి వచ్చింది. పోగు లాగితే చీరంతా ఊడినట్టు, ఒక్క కుళాయితో మొదలై మూడు చోట్ల పని పడింది. ఏడాదికోసారి ఆ చక్రాన్ని పూర్తిగా మూసి తెరిచి ఉంటే, అది బిగుసుకునేదే కాదు.

అంతటితో అయిందా? లేదు. ఆ ఫోనులో బుక్ చేసినతను కొత్త రాగి పైపు ముక్క తెచ్చి పాత ఇనుప పైపుకి నేరుగా బిగించేసి వెళ్లాడు. ఇనుమూ రాగీ నీళ్లలో తాకుతూ ఉంటే వాటి మధ్య సన్నగా కరెంటు పుట్టి ఇనుము తినేసుకుపోతుంది. అందుకే రెండూ తాకకుండా మధ్యలో డైఎలక్ట్రిక్ యూనియన్ అని ఒకటి వేస్తారు, కొద్ది డాలర్ల సరుకు. అది వెయ్యలేదు. కొన్నాళ్లకి బేస్‌మెంట్ సీలింగు మీద మరక, తెరిచి చూస్తే ఎర్రటి పొక్కులు. ఆ మనిషి కోసం వెతికితే ఫోనులో అతని పేరే లేదు. మా వీధి చివర హార్డ్‌వేర్ కొట్టాయన అయితే రోజూ అక్కడే ఉండేవాడు. అరిగిన వాషరు అరచేతిలో పెడితే, కొలవకుండానే సొరుగు లాగి దానికి జోడు తీసిచ్చేవాడు. మేకులు తూకానికి ఇచ్చేవాడు. ఏం చెయ్యబోతున్నావని అడిగి, అలా చెయ్యకు అని తిట్టి మరీ పంపేవాడు. ఇప్పుడు నాలుగు మేకులు ప్లాస్టిక్ అచ్చులో పెట్టి సీలు వేసి అమ్ముతున్నారు. కుళాయి కారితే వాషరు లేదు, కార్ట్రిడ్జి ఉంది, అది కంపెనీకో తీరు. ఆ మోడలు ఆపేశారంటే కుళాయి మొత్తం పారెయ్యాలి.

చెక్క సంగతి చెప్పాలా? టూ బై ఫోర్ అని అమ్మేది కొలిస్తే ఒకటిన్నర అంగుళం, మూడున్నర అంగుళాలు. మా ఇంటి గోడలో ఉన్నది రెండు కొలతల్లోనూ అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ. పాత చెక్కల మధ్య కొత్తది నిలబెడితే గోడకి అక్కడ పల్లం పడుతుంది, రంగు వేశాక లైటు పెడితే కనిపిస్తుంది. కొత్త చెక్క వెనక సన్నని బద్దలు సర్దుకుంటూ పోవాలి. అంత ఓపిక ఇప్పుడెవరికుంది?

అన్నీ బంగారమని చెప్పను. మా ఆవిడ పెట్టిన టంకంలో ఉన్నది సీసమే. తాగునీటి పైపులకి అది వాడకూడదని చట్టం 1986లో గానీ రాలేదు. ఇళ్లకి వేసే రంగుల్లో సీసాన్ని నిషేధించింది 1978లో. 1969లో కట్టిన ఇల్లు కొన్న మా మిత్రుడి గోడల్లో రాగి కాదు, అల్యూమినియం తీగలు. 1972కి ముందు అలా వైరింగు చేసిన ఇళ్లలో కనెక్షన్లు నిప్పు పుట్టేంతగా వేడెక్కే అవకాశం రాగి ఇళ్లకంటే 55 రెట్లు ఎక్కువని ప్రభుత్వ భద్రతా సంఘమే తేల్చింది. రాగి ధర పెరిగిందని చవకకి పోయింది మా తరమే. కాదనను. కానీ ఆ గోడల్లో ఏముందో మాకు తెలుసు. నువ్వో, బేస్‌మెంట్ నేల మీద తొమ్మిదేసి అంగుళాల పాత పలకలు కనపడగానే గునపం పట్టుకుంటావు. ఆగు. ఆ కొలతవి చాలామట్టుకు ఆస్బెస్టాస్ కలిసినవి. పగలకుండా ఉన్నంతకాలం ఏం చెయ్యవు, పగలగొడితే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పరీక్ష చేయించు, లేదా వాటి జోలికి పోకుండా పైన కొత్త నేల పరిపించు.

మా హాల్లో గుండ్రటి థర్మోస్టాట్ ఉండేది, 1953లో హనీవెల్ తెచ్చిన నమూనా, హెన్రీ డ్రైఫస్ రూపం దిద్దినది. లోపల చుట్ట చుట్టిన లోహపు పట్టీ, పాదరసం ఉన్న చిన్న గాజు గొట్టం. చలికి పట్టీ కదిలితే పాదరసం ఒరిగి తీగలు కలిపేది, ఫర్నేసు అంటుకునేది. దానికి రెండు తీగలు చాలు. మా అమ్మాయి ఎంతో ప్రేమగా దాన్ని పీకి, ఫోనుతో మాట్లాడే కొత్తది పెట్టించింది. దానికి కరెంటు కోసం ఇంకో తీగ కావాలి, పాత ఇంట్లో అది లేదు. జనవరి రాత్రి దాని బ్యాటరీ అయిపోతే దుప్పట్ల కింద తెల్లవారింది.

పాదరసం విషమే, తెలుసు, జాగ్రత్తగా అప్పగించాల్సిన చోట అప్పగించాం.

వాటర్ హీటరు పన్నెండేళ్లకి పోతుందని అందరూ అంటారు. లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది, టాంకు ఇనుముకి బదులు అది అరుగుతుంది. అది పూర్తిగా అరిగేలోగా మారిస్తే టాంకు ఇంకా చాలాకాలం వస్తుంది. ఎవరూ చెప్పరు, కొత్త హీటరు అమ్మడమే వాళ్లకి లాభం. కడ్డీ విప్పడానికి ఒకటీ ఒకటిబై పదహారు అంగుళాల సాకెట్ కావాలి, అది నా దగ్గర ఉంది. శనివారం పొద్దున్నే రా. పదింటికి లేచి వస్తానంటే మాత్రం కుదరదు, నీళ్లు కట్టేసి, టాంకులో వేడి చల్లారేదాకా ఆగి మొదలుపెట్టాలి.