పక్కపక్కన నిలబెట్టిన పాపం

లూయిన్ గాడు సిల్వియాను చేసుకున్నాడు. పదకొండు రోజులైంది, నాకు ముద్ద దిగడం లేదు.

మా ఆవిడ మొదట చుట్టాల గొడవే అనుకుంది. "ఏ ఊరండీ అబ్బాయిది?" అంది. సిలెస్ అన్నాను. "కైకలూరు అవతలా?" అంది. వీడియోగేమ్‌లో కుర్రాడని తెలిశాక, షష్టిపూర్తికి రెండేళ్ళున్న మనిషిని చూడాల్సినట్టే చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మా వాడు బెంగళూరు పోతూ వదిలేసిన పాత లాప్‌టాప్‌లో ఉందీ ఆట. ఫైర్ ఎంబ్లమ్, జీనియాలజీ ఆఫ్ ది హోలీ వార్. 1996 మేలో జపాన్‌లో సూపర్ ఫామికామ్‌కి వచ్చింది. ఇంగ్లీషులోకి అభిమానులే మార్చుకున్నారు. గళ్ళ మీద సైన్యాన్ని జరపాలి. కత్తి గొడ్డలిని గెలుస్తుంది, గొడ్డలి ఈటెను, ఈటె కత్తిని. అంతవరకూ చదరంగానికి మేనత్త కొడుకే. చిక్కల్లా, సైనికుల పెళ్ళిళ్ళు కూడా మన నెత్తినే ఉండటం. ఇద్దర్ని పక్కపక్క గళ్ళలో నిలబెడితే వంతు వంతుకూ మమకారం పెరుగుతుంది. 500 పాయింట్లకు ప్రేమ. కుదిరాక ఇక విడాకుల్లేవు. వాళ్ళ ఆయుధాలు, విద్యలు తర్వాత పిల్లలకు దక్కుతాయి.

లూయిన్‌కి నేను ఎరినిస్‌ను అనుకున్నాను. రెక్కల గుర్రమెక్కే పిల్ల, పద్ధతైన పిల్ల. సిల్వియా నాట్యకత్తె. ఆమె ఆడితే పక్కనున్నవాళ్ళు అదే వంతులో ఇంకోసారి కదలొచ్చు. ఆశకు పోయి ప్రతి వంతులోనూ లూయిన్ పక్కనే ఆడించాను. ఇంకేముంది!

పక్కన నిలబెట్టి అతికించడం నాకు తెలియని పనా? నూజివీడు వాణ్ణి. చిన్న రసం మామిడి టెంక పాతితే చిన్న రసమే కాస్తుందన్న పూచీ లేదు, అంటు కట్టాల్సిందే. మా నాన్న కొమ్మ ఎత్తుకు మంచె కట్టి, కుండీలో టెంకమొక్కను పైకెక్కించేవాడు. మొక్కకూ కొమ్మకూ కాస్త కాస్త చెక్కు తీసి, గాయానికి గాయం ఆనించి, నార చుట్టేవాడు. ఇక రెండు మూడు నెలలు ఆ కుండీ కాపురం మంచె మీదే. దానికి నీళ్ళు మోసే ఉద్యోగం నాది. కుండీకి రోజుకు రెండు ముంతలు, కుండీలు ఇరవై ఆరు. లెక్క మీరు వేసుకోండి, నేను నిచ్చెన మెట్లతో సహా వేశాను. చీమలు కూడా అదే నిచ్చెన వాడేవి, వాటికి దిగే తొందర లేదు. చివర్లో కొమ్మను తల్లి నుంచి వేరుచేసేటప్పుడు మొదట సగమే కోసేవాడు. కొన్నాళ్ళాగి మిగతా సగం. ఒక్కసారిగా కోస్తే బెంగపెట్టుకుంటుందట. నీళ్ళు మోసేవాడి బెంగ గురించి ఎవరూ అడగలేదు.

ఒకసారి ఆయన ఊళ్ళో లేనప్పుడు నా పెద్దరికం కొద్దీ ఒక కుండీని, చిన్న రసం కొమ్మ అనుకుని కలెక్టర్ మామిడి కొమ్మకు కట్టేశాను. అది శుభ్రంగా అతికింది. మూడు రోజులు నాన్న నాతో మాట్లాడలేదు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది, తోటలో అన్నిటికంటే విరగకాస్తుంది. ఆ మాట ఆయన పోయేదాకా ఒప్పుకోలేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా వాడికి మూడేళ్ళుగా సంబంధాలు చూస్తున్నాం. పన్నెండెకరాల మామిడి తోటంటే ఒకప్పుడు పిల్లనిచ్చేవాళ్ళు గుమ్మంలో ఉండేవారు. ఇప్పుడు "తోటా?" అంటారు, ఇంట్లో మంచం పట్టిన ముసలాయన ఉన్నాడని విన్నట్టు. వాళ్ళనేం అంటాం? పూతకు తామర పురుగు, పిందెకు ఈదురుగాలి, వాటిని దాటి వచ్చిన కాయకు వ్యాపారి. కలెక్టర్ కాయకైతే గుజ్జు ఫ్యాక్టరీ చెప్పిందే ధర. డబ్బు మాటొచ్చింది కాబట్టి, ఆటలో దొంగల్ని మినహాయిస్తే, ప్రేమికులు మాత్రమే ఒకరికొకరు డబ్బిచ్చుకోగలరు. మా ఇంట్లో ఈ నియమం ముప్పయ్యేళ్ళుగా ఒకవైపే నడుస్తోంది.

మొన్న ఫోన్‌లో లూయిన్ సంగతి చెప్పి వాపోయాను. "ఆ పెళ్ళి గురించి అంత బాధెందుకు నాన్నా, అయిదో అధ్యాయం ఆడావా?" అన్నాడు. ఆడలేదన్నాను. ఇంకేం చెప్పలేదు.

నిన్న రాత్రి ఆడాను. గెలిచిన సైన్యాన్ని రాజధానికి పిలుస్తారు, సన్మానం అనుకుని వెళ్తారు. నిప్పులు కురుస్తాయి. నేను పక్కపక్కన నిలబెట్టి కూడబెట్టిన జంటలన్నీ చెల్లాచెదురు. తర్వాత తెర మీద ఏళ్ళు గడిచిపోతాయి, పిల్లలు ఆయుధాలు పట్టుకుని వస్తారు. చేతిలో తండ్రి కత్తి ఉంటుంది. తండ్రి మొహం గుర్తుండదు.

మా వాడు మంచె చూడలేదు. తాతను ఫొటోలోనే చూశాడు. తోటను అయిదేళ్ళకు గుత్తకిచ్చే కాగితం నా దిండు కింద ఉంది. వాడికింకా చెప్పలేదు. ఈసారి వచ్చినప్పుడు చెప్పొచ్చులే అనుకుంటూ రెండు పండగలు దాటించాను.

పొద్దున ఫోన్ చేసి కలెక్టర్ చెట్టు కథ మాత్రం చెప్పాను. చాలాసేపు నవ్వి, "అది ఏ వరసలో ఉంది నాన్నా?" అన్నాడు.