ఓడినవాని గురుదక్షిణ

శ్రీశైలక్షేత్రమునకు పోవువారు దారిలో సాక్షిగణపతిని దర్శించి తమ రాకను విన్నవించుకొనుట తరతరాల ఆచారము. వచ్చినవారి పేర్లను ఆ స్వామి వ్రాసికొనుననియు, యాత్ర చేసిన మాట నిజమని కైలాసమున సాక్ష్యము పలుకుననియు భక్తుల విశ్వాసము. చేత కలము, పుస్తకము ధరించిన ఆయన రూపము కూడ అందులకు తగియే యున్నది. ఇన్ని శతాబ్దములుగా లెక్క వ్రాయుచున్నను, ఒక్క యాత్రికుని తలపైనైన ఆ గణపతి కమీషను పుచ్చుకొనినట్లు ఏ కథలోను వినము. మహాశివరాత్రికి నల్లమల అడవిదారిని నడచివచ్చు జనమును, ఉగాదికి కాలినడకన కదలివచ్చు కన్నడ భక్తులను తలచుకొనినచో, ఆయన వదలుకొనిన ఆదాయమెంతయో ఊహకందదు. పాపము, దేవుడే గాని లోకజ్ఞుడు కాడు. ఏలయన, మనిషిని ఒకచోటినుండి మరియొకచోటికి పంపి, పంపినందులకు ఇంతయని పుచ్చుకొనుటను మించిన వ్యాపారము ఈ యుగమున లేదు. దానిని అఫిలియేట్ మార్కెటింగ్ అందురు. కుర్రకారు వాడుకలో రిఫరల్ కోడు.

ఈ వ్యాపారమున ఈ నడుమ వెలసిన సరికొత్త శాఖ ద్యూతవిద్యాబోధనము. జూదమాడుమని చెప్పుట మొరటుపని; జూదమును గూర్చి చెప్పుట విద్యాదానము. కావున ఈ ఆచార్యులు మొదట సంభావ్యతాశాస్త్రమును బోధింతురు. బెట్టింగు రేట్లను లెక్కగట్టు తీరు చూపుదురు. చేతనున్న సొమ్ములో ఒక ఆటకు ఎంత ఒడ్డవలెనో, ఏ వేళ లేచిపోవలెనో, వ్యసనమునకు లక్షణములెవ్వియో తండ్రివలె హితము పలుకుదురు. విద్యార్థి మనసు కరగువేళకు పాఠము చివర నొక లింకు ప్రత్యక్షమగును: నేర్చినదానిని ఇచ్చట అభ్యసింపుడు, చేరినంతనే బోనసు గలదు. ఆ బోనసును మరల మరల పందెమున తిప్పి తిప్పి ఆడనిదే చేతికి రాదను షరతు వేరొక పుటలో నుండును. లింకు క్రింద, భూతద్దమునకు మాత్రమే కానవచ్చు అక్షరములలో, ఒక సత్యవాక్యము: ఈ లింకు ద్వారా చేరినచో మాకు కమీషను లభింపవచ్చును, మీకు అదనపు వ్యయమేమియు లేదు. ఇదియే పారదర్శకత. ప్రతిఫలము పుచ్చుకొని పొగడువారు ఆ సంగతిని స్పష్టముగా చెప్పవలెనని కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ 2023 జనవరిలో సూచనలు విడుదల చేసియుండెను గదా! వాక్యము వ్రాయబడినది, ఆచార్యులు నిష్కళంకులు.

చెప్పి చేసినంతమాత్రమున పాపము పుణ్యమగునేని, భారతమున దుర్యోధనుని మించిన పుణ్యాత్ముడు లేడు. నిండుసభలో ఆయన దాపరికమేమియు చేయలేదు: పందెపు ధనము నాది, నా పక్షమున ఆడువాడు మామ శకుని యని ధర్మరాజు ఎదుటనే ప్రకటించెను. ఒకని కొరకు వేరొకడు ఆడుట సమంజసము కాదేమో యని ధర్మరాజు గొణిగెను, గొణిగి, ఆడెను. సొమ్మెవరిది, చేయి యెవరిది, లాభమెవరికి అను మూడు సంగతులును భీష్మద్రోణాదుల సమక్షమున ఇంత స్పష్టముగా వెల్లడియైన ఒప్పందము నేటి ఏ ఆప్‌లోను కానరాదు. అయినను రాజ్యము పోయెను, తమ్ములు పోయిరి, తానును పోయెను, ద్రౌపదిని సభకు ఈడ్చుకొని వచ్చిరి.

ఇక లింకు క్రింది ఆ సత్యవాక్యమును కొంచెము విప్పి చూతము. కమీషను ఇచ్చు పద్ధతులు ప్రధానముగా రెండు. క్రొత్తవాడు వచ్చి సొమ్ము వేసినంతనే తలకు ఇంతయని ఒక్కమారే చెల్లించుట మొదటిది. రెండవది రెవెన్యూ షేరు: పంపబడినవాడు ఆడినన్నినాళ్లు, అతడు పోగొట్టుకొనిన నికరపు సొమ్ములో ఒక వాటా. ఆ వాటా నూటికి 30 అనుకొందము. ఆళ్లగడ్డలో నొక కుర్రవాడు తండ్రి శనగలమ్మి తెచ్చిన సొమ్ములో 10,000 రూపాయలు ఓడినచో ఆచార్యులకు 3,000. అదనపు వ్యయము లేదనుట అక్షరాల నిజమే. ఆ మూడువేలు, పోయిన పదివేలలోనివే గదా! మరి శిష్యుడు గురువు చెప్పిన శాస్త్రమును ఆకళించుకొని గెలిచెనా, గురువుగారి ఖాతాలో లోటు పడును. కొన్ని కంపెనీలు నెలాఖరున ఆ లోటును తుడిచివేయును. కొన్ని వచ్చు నెలకు మోపును. దీనికి నెగెటివ్ క్యారీఓవర్ అని పేరు. అనగా శిష్యుని విజయము గురువు నెత్తిన అప్పై కూర్చుండును. అతడు మరల ఓడువరకు గురువునకు నిద్రపట్టదు. మన గురుశిష్య సంప్రదాయమున ఇట్టి వాత్సల్యము న భూతో న భవిష్యతి.

నంద్యాల బ్యాంకు ఉద్యోగముల కోచింగునకు పేరొందిన ఊరు. ఎక్కడెక్కడి జిల్లాల పిల్లలో వచ్చి, గదులు అద్దెకు తీసికొని, మెస్సులలో తిని, రాత్రింబవళ్లు లెక్కలు చేయుదురు. ఫలితములు వెలువడినచో ఉత్తీర్ణుల ఫొటోలతో ఫ్లెక్సీలు వెలయును. శిష్యుడు గెలిచిననే వచ్చు ఏడు మరి నలుగురు చేరుదురు. ద్యూతాచార్యుల కోచింగు దీనికి తలక్రిందులు: ఫీజు లేదు, పరీక్ష నిత్యము, తప్పినవారి సంఖ్యనుబట్టి మాష్టారి జీతము. ఆయన ఫ్లెక్సీ కట్టదలచినచో ఎవరెవరి ఫొటోలు వేయవలెనో వడ్డీవ్యాపారులను అడిగిన చెప్పుదురు.

మన పూర్వులకు జూదవిద్య నేర్పుట తెలియకపోలేదు. అరణ్యపర్వమున ఋతుపర్ణుడు నలునకు అక్షహృదయమను పాచికల మర్మమును ఉపదేశించి, మారుగా అశ్వహృదయమను గుఱ్ఱముల విద్యను పుచ్చుకొనెను. బేరము బహిరంగము, విద్యకు విద్యయే వెల. నలుడు ఓడినచో, మునుపు అతని రాజ్యమును జూదమున గెలిచిన పుష్కరుని యొద్దనుండి ఋతుపర్ణునకు చిల్లిగవ్వ రాదు. ఆ విద్యతో నలుడు పోయిన రాజ్యమును గెలిచికొనెను. కౌటిల్యుడు మరింత లౌక్యుడు: అర్థశాస్త్రమున ద్యూతాధ్యక్షుని నియమించి, గెలిచిన ధనములో నూటికి 5 పాళ్లు రాబట్టించెను. గెలిచినవానినుండి అయిదు పుచ్చుకొనిన చాణక్యుని కుటిలుడంటిమి. ఓడినవానినుండి ముప్పది పుచ్చుకొనువానిని ఇన్‌ఫ్లుయెన్సరు అనుచున్నాము.

ఈ కళ మనదేశమునకే పరిమితము కాదు. 2017లో బ్రిటనున అఫిలియేట్లు వార్తాకథనపు వేషమున ఒక ప్రకటన అల్లిరి: అప్పులలో మునిగి, భార్య జబ్బుపడి అలమటించు నొకడు ఆన్‌లైన్ కాసినోలో గెలిచి గట్టెక్కెనట. అచ్చటి ప్రకటనల ప్రమాణముల సంస్థ దానిని నిషేధించి, అల్లినవాడు అఫిలియేటైనను బాధ్యత కాసినో కంపెనీలదే యని తేల్చెను. ఆ యేడే స్కై బెట్ కంపెనీ బ్రిటనులోని తన అఫిలియేట్ పథకమునే మూసివేసెను. ఇట్టి గురువులను చూచి కంపెనీయే జడిసినది. మనవారు మాత్రము సబ్‌స్క్రైబ్ చేయుచున్నారు.

మన చట్టముల మాట ఎత్తినచో ఆచార్యులు వెంటనే రమ్మీ తీర్పును చూపుదురు. సికిందరాబాదులోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1967లో రమ్మీని నైపుణ్యప్రధానమైన ఆట యనిన మాట నిజము. ఆటగాండ్ర పందెములనుండి క్లబ్బు యజమాని లాభము గడించుచున్నచో నేరము కావచ్చునని అదే తీర్పులో నున్న వాక్యము మాత్రము వారి ప్రతిలో చెదలు తినినది. పిదప తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను తమ గేమింగు చట్టములను సవరించి పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించినవి. వార్తల వెబ్‌సైట్ల ముసుగున విదేశీ బెట్టింగు సంస్థలు ప్రచారము చేసికొనుచున్నవని కేంద్ర సమాచార ప్రసార శాఖ 2022 అక్టోబరులో హెచ్చరించెను. 2025 మార్చిలో హైదరాబాదు ప్రాంతపు పోలీసులు బెట్టింగు ఆప్‌ల ప్రచారముపై సినీప్రముఖులను, ఇన్‌ఫ్లుయెన్సర్లను పేర్కొని కేసులు నమోదు చేసిరి. అదే ఏడు ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదము పొందిన ఆన్‌లైన్ గేమింగు చట్టము, పందెపు ఆటల ప్రకటనలో పాలుపంచుకొనువారికి 2 ఏండ్ల వరకు ఖైదు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండును నిర్దేశించినది. ఇన్నిటికిని ఆచార్యుల సమాధానమొక్కటే: మేము ప్రకటన చేయుట లేదు, చదువు చెప్పుచున్నాము.

నా మనవి స్వల్పము. పారదర్శకతను వ్రతముగా పట్టినవారు దానిని సాంగముగా సలుపవలెను. లింకు అక్షరములెంత పెద్దవో అంత పెద్ద అక్షరములతో, లింకునకు పైన, ఇట్లు వ్రాయింతురు గాక: నీవు పోగొట్టుకొను ప్రతి నూరు రూపాయలలో ముప్పది నావి; నీవు గెలిచిన నెల నాకు నష్టము. అక్షరములు చెరిగిపోవునను భయమున్నచో ఆళ్లగడ్డ శిల్పులు రాతిపై చెక్కి యిత్తురు. అది చదివియు లింకును నొక్కు శిష్యుడుండినచో అతనికి వలసినది చికిత్స. కమీషను ముట్టుచున్నదని చెప్పి, అది ఎవరి నష్టమునుండి ముట్టుచున్నదో చెప్పనివానికి తెలుగున దళారి యను పేరుండగా గురువను పేరు ఎందులకు?

చదువరులారా, పందెమాడు విద్యను ఉచితముగా నేర్చుకొనుచున్నానని మీ యింటి పిల్లవాడు చెప్పినచో, ఆ ఫీజు ఎవరు కట్టుచున్నారని ఒక్కమాట అడుగుడు. వ్యసనము ముదిరినదని తోచినచో ప్రభుత్వపు మానసికారోగ్య సహాయవాణి టెలీమానస్ నంబరు 14416 కలదు. అదియు ఉచితమే, అచ్చట మాటాడువారికి మీ ఓటమిలో వాటా లేదు.