గోడల రంగేనా ఫ్రెంచి పాలన?

మా రోజుల్లో ఫ్రెంచి పాలన గురించి తెలుసుకోవడానికి టీవీ పెట్టనక్కర్లేదు. పుదుచ్చేరిలో ఏ అరుగు మీద కూర్చున్నా చెప్పేవాళ్ళుండేవారు. ఒకాయన భారత్‌లో విలీనం కోసం దెబ్బలు తిన్నవాడు, పక్కనున్నాయన ఫ్రెంచి సైన్యం పింఛను తీసుకునేవాడు. ఇద్దరికీ వాదన మొదలైతే పొద్దు తెలిసేది కాదు. మాకు చరిత్ర ఒంటబట్టింది అలాగే.

ఇప్పుడు ఫ్రెంచి వారసత్వం పేరుతో వచ్చే డాక్యుమెంటరీలు చూస్తే ఒళ్ళు మండుతోంది. పైనుంచి డ్రోన్ తిప్పుతారు. పసుపు గోడలు, కాగితంపూల తీగలు, బేకరీలు, బీచ్ రోడ్డు. అయిపోయింది! ఒక ప్రభుత్వం మనల్ని ఎలా ఏలిందో, పోతూ పోతూ ఏం వదిలి వెళ్ళిందో అడగరేం?

1936 జులై 30న పుదుచ్చేరిలో సవానా బట్టల మిల్లు కార్మికులను పోలీసులు కాల్చారు. 12 మంది చనిపోయారు. మరుసటి ఏడాదే ఎనిమిది గంటల పనిదినం వచ్చింది. కాల్చిన ప్రభుత్వమే ఆ చట్టం తెచ్చింది, తెప్పించింది మాత్రం కార్మికులు, వాళ్ళ నాయకుడు వి. సుబ్బయ్య. ఆ ఒక్క ఏడాది చాలు, గంటసేపు చూపించడానికి.

బీచ్ రోడ్డుకు ఎవరి పేరుందో కూడా చెప్పరు. అది ఎదువార్ గుబేర్ పేరు. ఆయన ఏళ్ళ తరబడి ఫ్రెంచివారి పక్షాన నిలిచి, 1954లో విలీనం వైపు తిరిగి, 1963లో పుదుచ్చేరి ముఖ్యమంత్రి అయ్యాడు. జెండా మారింది, పలుకుబడి చేతులు మారలేదు. రాజకీయ వారసత్వమంటే ఇదీ.

1954 అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గరి కీళూరులో విలీనంపై ఓటేసింది 178 మంది ప్రతినిధులే. 170 మంది విలీనం కావాలన్నారు, 8 మంది వద్దన్నారు. బెంగాల్లోని ఫ్రెంచి స్థావరం చందర్‌నగర్‌లో 1949లో జనమే స్వయంగా ఓటేశారు. ఇక్కడ జనాన్ని ఎందుకు అడగలేదు? ఈ ప్రశ్న మా పెద్దవాళ్ళు గట్టిగానే వేసేవారు.

ఇక మా యానాం సంగతి. దడాల రాఫెల్ రమణయ్య నాయకత్వంలో 1954 జూన్ 13నే ఫ్రెంచి పాలన వదిలించుకున్న ఊరది. పుదుచ్చేరి చేతులు మారింది నవంబరు 1న. అలాంటి ఊరికి ఈ డాక్యుమెంటరీల్లో అరనిమిషం! అందులో ఒక్క తెలుగు గొంతు వినపడదు.

పాత దూరదర్శన్ కార్యక్రమాలు నెమ్మదిగా నడిచేవి, నిజమే. కానీ మనిషిని కూర్చోబెట్టి మాట పూర్తిచేయనిచ్చేవి.

విలీనం నాటికి పదేళ్ళున్న పిల్లలకు ఇప్పుడు ఎనభై దాటింది. కెమెరాలు పట్టిన అబ్బాయిలూ, అమ్మాయిలూ, హోటళ్ళ ముంగిళ్ళు వదిలి కీళూరు వెళ్ళండి, యానాం వెళ్ళండి. వాళ్ళుండగానే, వాళ్ళ భాషలోనే చెప్పించుకోండి.