తాకింది

పానగల్ ఖిల్లా గుట్ట కనిపించేంత దూరంలో మా ఊరు. ఇప్పుడది వనపర్తి జిల్లా. నేను చెప్పే రోజుల్లో వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు అన్నీ కలిసి పాలమూరు జిల్లాయే. వేరుపడింది 2016 అక్టోబరులో.

జొన్న కంకి పాలు పోసుకునే కాలం వచ్చిందంటే ఊళ్ళో ప్రతి పిల్లవాడి చేతిలో వడిసెల ఉండేది. మంచె మీద నిలబడి పిట్టలను తోలడం మా పని. పంట కోసి కళ్ళానికి చేరాక వడిసెలకు పని ఉండదు. అప్పుడు మొదలయ్యేవి మా పోటీలు.

గురి పెట్టేది ఒక రైలు పట్టా ముక్కకు. ఒకప్పుడది మా బడి గంట. కొత్త గంట వచ్చాక మూలన పడి ఉంటే, మిలిటరీ తాత అడిగి తెచ్చుకుని తన చేను గట్టు మీది వేపచెట్టుకు గొలుసుతో వేలాడదీశాడు. పొద్దూమాపూ దాన్ని రెండు దెబ్బలు కొడితే, ఆయన కుక్క మోతీ ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి సంగటి ముద్ద తినేది.

తాతకు పట్టాళంలో కొత్తవాళ్ళకు తుపాకి నేర్పే పని. చేతిలో ఎస్సెల్లార్ రైఫిలు, 7.62 మిల్లీమీటర్ల గుండు. అప్పుడప్పుడు కాగితం గురికి బదులు ఇనుప పలక నిలబెట్టేవాళ్ళట. ఆ ముచ్చట చెప్పేటప్పుడు ఆయన గొంతే మారిపోయేది.

"నూరు మీటర్ల కాడ వెడితే ఏం తెల్వదురా. గుండు పోవుడు, సప్పుడు వచ్చుడు అంతా తుపాకి మోతల్నే కలిసిపోతది. మూడొందల మీటర్ల కాడ వెట్టాలె. ఘోడా నొక్కినంక ఊపిరి బిగవట్టాలె. మోత అణిగిపోతది. అప్పుడొస్తది సూడు, టంగుమని!"

ఆయన మాటలో లెక్క ఉంది. ఆ తుపాకి గుండు బయల్దేరేటప్పుడు సెకనుకు 800 మీటర్లకు పైగా వేగంతో పోతుంది. చప్పుడు వేగం సెకనుకు దాదాపు 340 మీటర్లే. మూడు వందల మీటర్లు పోవడానికి గుండుకు అర సెకను కూడా పట్టదు. ఇనుము మోగిన చప్పుడు తిరిగి రావడానికి మాత్రం దాదాపు సెకను పడుతుంది. ఆ సెకను పాటు కాల్చినవాడికి తన గురి సంగతి తెలియదు. ఎదురుగాలి వీస్తే చప్పుడు తేటగా వస్తుంది. తెల్లవారుజామున, నేల మీద గాలి చల్లగా పరుచుకుని ఉన్నప్పుడు ఇంకా దూరం నుంచి వస్తుంది. చెరువు అవతల బండ మీద బట్ట ముందు పడి, దాని చప్పుడు ఆ తర్వాత మన దగ్గరికి రావడం మాకు చూపించి, ఈ పాఠం చెప్పింది ఆయనే.

అందుకే మా పోటీలకు ఆయనే పెద్దమనిషి. చెట్టు వెనక అన్నీ గుండ్లు, బండలు. రాయి పట్టాకు తగిలిందో బండకు తగిలిందో అన్నదాని మీద రోజూ కొట్లాట. తాత మంచం చెట్టుకు వీపు పెట్టి వేయించుకునేవాడు. గురి వంక చూసేవాడే కాదు. కళ్ళు నేలకు వాల్చి, కాళ్ళ దగ్గర పడుకున్న మోతీని చూస్తూ కూర్చునేవాడు. రాయి పోయేది. ఒక్క క్షణం ఆగి, "తాకింది" అనేవాడు. లేకపోతే "తప్పింది". ఆ మాటకు ఎదురు లేదు. అంత పదునైన చెవి చుట్టుపక్కల ఊళ్ళలో లేదని మేము గొప్పగా చెప్పుకునేవాళ్ళం.

ఒక సంక్రాంతికి ఆయన తన పట్టాళం నాటి మగ్గు పందెం పెట్టాడు. ఆకుపచ్చ రంగు, ఇనుప మగ్గు. ఆఖరి రాయి నాది. అది తగిలితే మగ్గు నాది. వడిసెల మూడు చుట్లు తిప్పి వదిలాను. టంగుమంది. నా చెవులారా విన్నాను.

తాత మోతీ వంక చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "తప్పింది."

నేను ఏడ్చాను, ఒట్టేశాను. పక్కనున్న ఇద్దరు కూడా మోగిందన్నారు. అయినా తాత మాట తాత మాటే. మగ్గు ఇంకొకడికి పోయింది. మర్నాటి నుంచి ఆయన పెద్దమనిషిగా కూర్చోలేదు. ఎంత పిలిచినా రాలేదు. ఆ వానాకాలంలో మోతీ చనిపోయింది. అబద్ధం చెప్పి నా పందెం పోగొట్టాడన్న కోపంతో నేను ఆయన గడప తొక్కడం మానేశాను.

ఇరవై ఏళ్ళ తర్వాత, ఆయన కొడుకు ఊళ్ళో లేకపోతే, చెవి పరీక్షకు మహబూబ్‌నగర్ తీసుకుపోయే పని నా మీద పడింది. డాక్టరు ఒక గీత చూపించాడు. మంద్రమైన చప్పుళ్ళ దగ్గర నేలబారుగా నడిచి, కీచు చప్పుళ్ళ దగ్గరికి రాగానే బావిలోకి దూకినట్టు దిగిపోయింది.

"మాటలు చాలావరకు వినిపిస్తాయి. పిట్ట కూత, గొలుసు చప్పుడు, ఇనుము మోత వినిపించవు. ఇది ముసలితనం వల్ల వచ్చింది కాదు, తుపాకి వల్ల. సర్వీసులో ఉండగానే పోయి ఉంటుంది" అన్నాడు.

రైఫిలు మోత కాల్చేవాడి చెవి దగ్గర 150 డెసిబెల్స్ దాటుతుంది. లోపలి చెవిలో నత్తగుల్లలాంటి గదిలో చప్పుడును పట్టే రోమకణాలు పదిహేను వేల పైచిలుకు ఉంటాయి. పెద్ద మోతలకు ముందు దెబ్బ తినేవి కీచు స్వరాలను పట్టేవే. పిట్టలకు ఆ కణాలు చచ్చినా మళ్ళీ మొలుస్తాయి. జొన్న చేలో మేము రాళ్ళతో తోలిన పిచ్చుకలకూ ఆ వరం ఉంది. మనిషికి లేదు.

తిరుగు ప్రయాణంలో బస్సు కొత్తకోట దాటింది. నేను ఉండబట్టలేక అడిగాను.

"తాతా, నీకు ఇనుము మోత వినిపించదంటున్నాడు డాక్టరు. మరి అన్నేండ్లు మా పోటీలకు తీర్పు ఎట్ల చెప్పినవు?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు.

"నేనేడ జెప్పిన్నురా? మోతీ జెప్పింది. పట్టా మోగితే బువ్వ అనుకుని దాని చెవులు లేస్తుండె. బండకు తాకితే లేవకపోతుండె. నేను దాని చెవులు సూసి చెప్తుంటి."

నేను మాట్లాడలేదు. ఆయనే నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ సంక్రాంతి నాడు నీ రాయికి దాని చెవులు లేవలే. తప్పింది అన్న. నువ్వు ఏడుస్తుంటే నాకు నిద్ర పట్టలే. తెల్లారి నేనే పోయి పట్టాను రెండు దెబ్బలు కొట్టిన. మోతీ నా కాళ్ళ కాడనే పండుకుంది. కదల్లే. ముసల్ది అయింది, దానికీ చెవులు పోయినయి. నీ కాడికి వచ్చి చెప్పాలంటే, నాకు ఇనరాదని ఊరంత తెలుస్తదని సిగ్గయింది. నీ రాయి తాకిందిరా."

ఆ మాట కోసం నేను ఇరవై ఏళ్ళు ఆగాను. ఆయన దాన్ని ఇరవై ఏళ్ళు మోశాడు.

మన జిల్లాల్లో ఇప్పటికీ రాళ్ళ క్వారీల్లో, క్రషర్ల దగ్గర, బరాత్‌లో డీజే డబ్బాల ముందు ఒట్టి చెవులతో నిలబడే పిల్లలను చూస్తున్నాను. చెవుల్లో పెట్టుకునే చిన్న బిరడాల జత ఖరీదు ఒక చాయ్ ఖర్చుకు అటూ ఇటూ. పోయిన చెవి మళ్ళీ మొలవదు. ఇంట్లో ఎవరైనా ఒకే మాట రెండుసార్లు అడుగుతుంటే విసుక్కోకండి, పరీక్షకు తీసుకుపోండి. వినిపించడం లేదని చెప్పుకోవడానికి సిగ్గుపడే మనిషి మీ ఇంట్లోనూ ఉండవచ్చు.