కడగని చేతులు, దులిపేసిన చేతులు

మొన్న బంధువు ఒకాయనను చూద్దామని ఓ సర్కారు ఆసుపత్రికి వెళ్లాను. వార్డు గుమ్మం పక్కన గోడకి పెద్ద పోస్టరు. చేతులెలా కడుక్కోవాలో బొమ్మలతో సహా చెప్పారు. అరచేతులు, వేళ్ల సందులు, బొటనవేలు, గోళ్లు. సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు తోమాలట. భేష్! పోస్టరు కింద సింకు, సింకు మీద కుళాయి. తిప్పాను. గుర్రుమంది. లోపల్నుంచి ఓ బొద్దింక తొంగిచూసి, మీసాలాడించి, మళ్లీ లోపలికి పోయింది. పక్కనే కరోనా నాటి శానిటైజర్ స్టాండు. సీసా లేదు. దానికి ఎవరిదో టిఫిన్ క్యారియర్ వేలాడుతోంది.

చెత్తడబ్బాలు మాత్రం రూలు ప్రకారమే ఉన్నాయండోయ్. పసుపు, ఎరుపు, తెలుపు, నీలం. రక్తం అంటిన దూది వేయాల్సిన పసుపు డబ్బాలో అరటితొక్కలు, టీ కప్పులు. మరి దూది? మంచం కింద.

ఇన్ఫెక్షన్ కంట్రోల్ కమిటీ లేదా అంటారా? ఎందుకుండదు! ఫైల్లో నిండు నూరేళ్లు బతుకుతుంది.

మంత్రిగారు వస్తున్నారని తెలిస్తే చూడాలి సంబరం. తెల్లారేసరికి ఫినాయిల్ ఘాటు. దారికి రెండువైపులా బ్లీచింగ్ ముగ్గు. మంచాలకు ఉతికిన దుప్పట్లు. కుళాయిలో గంగ! సూక్ష్మజీవులకూ ప్రోటోకాల్ తెలుసు కాబోలు, కాన్వాయ్ గేటు దాటేదాకా సెలవు పెడతాయి. సాయంత్రానికి దుప్పట్లు బీరువాలోకి, జీవులు డ్యూటీలోకి.

2015 మేలో కేంద్రం 'కాయకల్ప' మొదలెట్టింది. శుభ్రంగా ఉన్న ఆసుపత్రులకు అవార్డులు. అదే ఏడాది ఆగస్టులో గుంటూరు పెద్దాసుపత్రిలో ఎలుకలు కొరికి పసిగుడ్డు ప్రాణం పోయింది. గుండెలు బాదుకున్నాం. ఆ తర్వాత? 2022 మార్చిలో వరంగల్ ఎంజీఎం. ఈసారి ఏకంగా ఐసీయూలోనే. కదల్లేని రోగిని ఎలుకలు కొరుక్కుతిన్నాయి. సూపరింటెండెంటును బదిలీ చేశారు. ఎలుకల బదిలీ జీవో మాత్రం ఇంకా రాలేదు. చేతులు కడుక్కోవడం రాకపోయినా దులుపుకోవడంలో మనవాళ్లను మించినవాళ్లు లేరు.

అదే ఏడాది ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం సర్కారు ఆసుపత్రి. ఒక్కరోజే 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు. నలుగురు పోయారు. పిల్లల తల్లులు. జబ్బు చేసి వచ్చినవాళ్లు కాదు, నడుచుకుంటూ వచ్చినవాళ్లు. ఇన్ఫెక్షనే చంపిందని తేల్చారు. ఒకరి కడుపులోంచి తీసిన గొట్టం ఇంకొకరి కడుపులోకి వెళ్లేలోపు దాన్ని శుద్ధి చేయడానికి ఎన్ని నిమిషాలిచ్చారు? ఆ రోజు లెక్కపెట్టింది ఆపరేషన్లనా, మనుషులనా? ఐదేసి లక్షల పరిహారం ప్రకటించారు. శుద్ధి చేసే మందు సీసా ఖరీదెంత సార్?

డాక్టర్లు చేతులు కడుక్కుంటే బాలింతల చావులు తగ్గుతాయని 1847లోనే వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు నిరూపించాడు. సాటి డాక్టర్లు వెక్కిరించారు. చివరికి పిచ్చాసుపత్రిలో పోయాడు. మన దగ్గరైతే అంత అన్యాయం జరిగేది కాదు. కమిటీలో వేసేవాళ్లు.

తిరిగొస్తుంటే నర్సమ్మ ఎదురైంది. వార్డంతటికీ ఆవిడొక్కతే. ఆవిడ్నేమని ఏం లాభం? అయినా ఉండబట్టలేక అడిగాను. "సిస్టర్, ఈ కుళాయిలో నీళ్లెప్పుడొస్తాయమ్మా?"

ఆవిడ కంగారుగా కొంగు సర్దుకుంది.

"ఎవరైనా వస్తున్నారా సార్?"